ఆముదం తాగిన బండ

2022, కార్తీక మాసం. చిక్కబళ్ళాపురంలో మా ఇంటి వెనుక ఉన్న రేకుల షెడ్డే నా పనిచోటు. రాయి కోసే డైమండ్ సా ఒకటి, అరగదీసే గుండ్రటి ఇనుప పలక ఒకటి, హాట్‌ప్లేటు, పాతదైనా ఇంకా చూపు తగ్గని మైక్రోస్కోపు ఒకటి. అక్కడ నేను చేసేవి థిన్ సెక్షన్లు. రాతిముక్కను గాజు స్లైడు మీద అంటించి, వెలుతురు దాని గుండా దూరేంతవరకు అరగదీయడమే ఆ పని. చివరికి ముప్పై మైక్రాన్ల మందం మిగలాలి. తలవెంట్రుక కన్నా పలచన అన్నమాట. అంత పలచనయ్యాక ఎంత నల్లటి బండయినా అద్దంలా తేటబడి, లోపలి ఖనిజాలు ఒక్కొక్కటీ తన రంగు చూపిస్తాయి. భూగర్భశాస్త్రం చదివేవాళ్ళు రాయి పుట్టుకను అందులో చూస్తారు.

నేను బడికి పోయి చదివింది తక్కువ. చిన్నప్పుడు ఉబ్బసం. అందుకని అక్షరాలు అమ్మ వంటింట్లో నేర్పింది, ఈ పని నాయన షెడ్డులో నేర్పాడు. ఆయన బెంగళూరులో ఒక ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి స్లైడ్లు చేసి, రిటైరయ్యాక పాత యంత్రాలు కొని ఇంటికి తెచ్చుకున్నాడు. "రాయిని తొందరపెట్టొద్దమ్మా, అది మనకన్నా పెద్దది" అనేవాడు. ఇద్దరూ ఇప్పుడు లేరు. పొద్దున దీపం పెట్టి, వాళ్ళను తలుచుకుని, తర్వాతే సా స్విచ్చు వేస్తాను.

ఆ కార్తీకంలో నాగవేణి వచ్చింది. బాగేపల్లి దగ్గర ఒక పల్లెలో వాళ్ళది సేద్యం చేసుకునే కుటుంబం. బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తోంది. బాగేపల్లి నుంచి చింతామణి దాకా ఎండలో నడిచి, కనిపించిన ప్రతి బండనూ దిక్సూచి పెట్టి కొలిచిన అమ్మాయి. మొహం కమిలిపోయి ఉంది గానీ కళ్ళు మాత్రం పండగలా ఉన్నాయి. సంచిలోంచి గుడ్డ చుట్టిన ఒక రాతిముక్క తీసి, బిడ్డను అందించినట్టు రెండు చేతులా నాకిచ్చింది.

"అక్కా, చేతిలో ఇంతే ఉండాది. దీన్ని చెడనీయొద్దక్కా."

అరచేతి కన్నా కొంచెం పెద్ద పెచ్చు. ఒకపక్క బూడిద రంగు, చారల చారలుగా. మరోపక్క బొగ్గులా నలుపు. రెండింటి నడుమ తిన్నగా ఒక గీత. ఆ గీతను అడ్డంగా దాటుకుంటూ, ఇటు నుంచి అటు, సన్నటి గులాబీ రంగు చార.

"ఏముంది ఇందులో?" అని అడిగాను. ఏ రాయి తెచ్చినా అడుగుతాను. చాలామంది చెప్పరు, తొందరలో ఉంటారు. నాగవేణి స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. భూమి పైపెంకు ఒకటే ముక్క కాదు. సముద్రం అడుగున ఉండే బండ పాతబడేకొద్దీ చల్లబడి బరువెక్కి, పక్కనున్న నేల కిందికి వంగి దిగిపోతుంది. దీన్ని సబ్‌డక్షన్ అంటారు. దిగుతూ దిగుతూ తనలో ఇంకిన నీటిని కూడా తీసుకుపోతుంది. లోతుకు పోయాక ఆ నీరు పైనున్న వేడి రాతిలోకి ఎక్కుతుంది. అంతవరకూ కరగకుండా నిలబడిన రాయి, ఐసు మీద ఉప్పు చల్లితే కరిగినట్టు, నీరు తగలగానే కరుగుతుంది. కరిగింది పైకి పాకి, గడ్డకట్టి, కొత్త నేల అవుతుంది. మన గ్రానైటు బండలకు మూలం అట్లాంటి కరుగుళ్ళలోనే ఉందని చాలామంది అంటారట.

అయితే దిగేదంతా దిగిపోదు. దోసె కిందికి అట్లకాడ తోసినప్పుడు పెనానికంటిన పొరలు అంచున ముడుచుకుని కుప్పపడతాయి కదా, అట్లాగే సముద్రపు అడుగు తునకలూ, మధ్యలో ఉన్న దీవులూ గీరుకుపోయి నేల అంచుకు అతుక్కుంటాయి. ఇది అక్రీషన్. నేల అట్లా అంచు అంచునే పెరుగుతుంది, ముడుచుకుంటుంది, పైకి లేస్తుంది. పర్వతాల వరుస అవుతుంది.

"మన దగ్గర పర్వతాలు యాడున్నాయి?" అన్నాను. నంది కొండ తప్ప నాకేమీ తోచలేదు.

"అరిగిపోయినాయక్కా. రెండు వందల యాభై కోట్ల ఏండ్ల నాటి మాట ఇది. వానకూ గాలికీ పై భాగమంతా పోయింది. మనం ఇప్పుడు నడుస్తాండేది వాటి వేర్ల మీద."

నేను కాళ్ళకింద గచ్చు వైపు చూసుకున్నాను. యాభై ఏళ్ళుగా నడుస్తున్న ఊరు. పర్వతం లోపల కాపురముంటున్నానని ఆ రోజే తెలిసింది.

ఆమె తెచ్చిన పెచ్చులో బూడిద భాగం పాత నేల. నల్లటిది ఒకప్పటి సముద్రపు అడుగు, నలిగి ఉడికి మారిపోయింది. గులాబీ చార తర్వాత వచ్చిన గ్రానైటు. ఆ చార రెండింటినీ తెగకుండా దాటి ఉంటే, అది వచ్చేసరికే రెండు నేలలూ అతుక్కున్నాయని అర్థం. అట్లాంటి గ్రానైటును స్టిచింగ్ అంటారు, రెండు గుడ్డలను కలిపి వేసిన కుట్టు లాంటిది. గీత దగ్గర చార తెగి నుజ్జయి ఉంటే మాత్రం కథ తిరగబడుతుంది. నాగవేణి రాసిన అధ్యాయం మొత్తం ఆ కుట్టు మీద నిలబడి ఉంది. స్లైడులో అది కనబడకపోతే ఆ అధ్యాయం తీసేయమని ఆమె గైడు ముందే చెప్పాడు. అసలు అంత పాత కాలంలో సబ్‌డక్షన్ జరిగిందా అని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారట. అందుకని ఆయన తప్పు పట్టడానికి వీల్లేని సాక్ష్యం అడిగాడు.

"వేరేచోట దొరకదా ఇట్లాంటిది?"

"ఇంకో రెండు చోట్ల ఉన్నిందక్కా. కంకర క్రషర్లు మింగేసినాయి."

పెచ్చును జాగ్రత్తగా బిళ్ళలుగా కోసి, మొదటి బిళ్ళను ఎండలో ఆరబెట్టి, ఎపాక్సీతో స్లైడుకు అంటించాను. ఎపాక్సీ అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు. కార్బొరండం పొడితో అరగదీస్తుంటే సగం దాకా అంతా బాగుంది. ఆ తర్వాత సరిగ్గా ఆ గీత వెంబడి రాయి లేచిపోయింది. రెండోది ఇంకా నిదానంగా చేశాను. మళ్ళీ అక్కడే. రెండు పక్కలా రాయి చక్కగా నిలిచింది, గీత మీద మాత్రం పొరలా ఊడి నీళ్ళలో కొట్టుకుపోయింది.

నాగవేణి అరిగిన స్లైడును వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. "అక్కా, నువ్వేం తప్పు చేయలేదు. అక్కడ రాయే పొడయిపోయినట్టుండాది. అంటే కదిలింది. కుట్టు తెగింది." గొంతు మామూలుగానే ఉంది. ఆ మామూలుతనం నాకు కష్టంగా అనిపించింది.

మూడో బిళ్ళకు ఎపాక్సీ బాగా ఇంకాలని, ఎండను నమ్ముకోకుండా హాట్‌ప్లేటు మీద పెట్టి వేడి పెంచాను. కాసేపటికి షెడ్డంతా ఒక వాసన. నేను చేస్తున్న పని ఆపేశాను. ఆ వాసన నాకు తెలుసు. పురిటి గది వాసన. బాలింత పక్కన, బిడ్డ మాడు మీద అద్దే ఆముదం వాసన.

ముందు నా యంత్రాన్నే అనుమానించాను. కానీ మా సా నీళ్ళతో తిరుగుతుంది, దానికి నూనె తగలదు. బిళ్ళను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. సందేహం లేదు. వాసన రాతిలోంచే వస్తోంది, అందులోనూ గీతలోంచి.

"నాగవేణీ, ఈ పెచ్చు యాడ తీసినావు?"

"చింతామణి దాటినంక ఒక పల్లెలో, చేను గట్టు మీద పెద్ద గుండు ఉండాదక్కా. కొట్టలేదు, దాని కింద రాలిపడుంటే తీసుకున్నా. ఎవరూ లేరప్పుడు."

"గుండు నల్లగా మెరుస్తాందా?"

"ఊ. ఎండకు కాలిన పొర అనుకున్నా."

"కాదమ్మా. దానికి ఎవరో ఆముదం పోస్తాండారు. ఇప్పటి నుంచి కాదు, తరాల నుంచి."

ఆమె మొహం తెల్లబోయింది. వాళ్ళ ఊరివైపు ఆ ఆచారం లేదు, తెలిసే దారి లేదు. నూనె ఉన్నచోట ఎపాక్సీ పట్టదు. రెండు రాళ్ళ అతుకులోకే నూనె ఎక్కువగా ఇంకింది, అందుకే అక్కడే ఊడింది. రాయి నలిగిందా, నిలిచిందా అన్నది ఇంకా తేలలేదన్నమాట. మిగిలిన ఆ ఒక్క బిళ్ళను జిడ్డు కరిగించే అసిటోన్‌లో నానబెట్టి చూశాను. ముదిరిన ఆముదం వదల్లేదు, బిళ్ళే రెండయింది. ఇక మా చేతిలో ఏమీ లేదు.

"పోయి అడుగుదాం" అన్నాను.

"నేను తీసుకొచ్చింది తెలిస్తే తిడతారక్కా."

"తిడితే పడదాం. పూజ చేసుకునే రాయి, చెప్పకుండా ఉండకూడదు."

మర్నాడు బస్సులో పోయాం. గుండును చూసుకునేది రత్నమ్మ అనే ముసలామె కుటుంబం. మేం పోయేసరికి ఆమె పట్టుపురుగుల తట్టల్లో మల్బరీ ఆకు చల్లుతోంది. గుండు ఆనుకుని ఉన్న చేను ఆమె తమ్ముడు చౌడప్పది. ఆయన మా చేతిలో సుత్తి ఉన్న సంచి చూడగానే మొదలుపెట్టాడు.

"ఎవరమ్మా మీరు? గనుల ఇలాఖా వాళ్ళా, క్రషరోళ్ళా? ఆ పక్క గుట్ట మింగింది చాల్లేదా మీకు?"

"కాదప్పా, రాళ్ళ గురించి చదువుకునే పిల్ల" అన్నాను.

"రాళ్ళ గురించి చదివేదేముండాది? కొడితే పగుల్తాయి, తగిల్తే నొస్తాయి. అంతే కదా!"

"నువ్వు నోరు మూసుకోరా, ఆడబిడ్డలు నీళ్ళన్నా తాగనీ" అంది రత్నమ్మ.

నీళ్ళు తాగాక నాగవేణి దాచకుండా చెప్పింది, పెచ్చు తీసుకున్నది, అది పాడైనది. రత్నమ్మ ఆకు చల్లడం ఆపలేదు. గుండు గురించి ఆమే చెప్పింది. ఊళ్ళో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, నెల నీళ్ళు పోసినాక గిన్నెలో మిగిలిన ఆముదం తెచ్చి ఆ గుండు మీద పోస్తారు. బిడ్డ ఎముక ఆ బండంత గట్టి కావాలని. "నాకు పోసినారు, వీనికి పోసినారు. వీనికి ఎముకలకు పోస్తే నోటికి పట్టింది."

గుండు దగ్గరికి తీసుకుపోయింది. మనిషెత్తు ఉంది, నూనెకు నిగనిగలాడుతోంది. నేను చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాను. రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ బండ మీద నెల బిడ్డల నూనె. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇనుము తగలగూడదు దీనికి. అది మా కట్టుబాటు" అంది రత్నమ్మ. నాగవేణి తలూపింది. అయినా వెనక్కి తిరగలేదు. దిక్సూచి తీసి గీత మీద పెట్టి, లేచి, ఎటు చూస్తోందో మాకు చెప్పకుండా దక్షిణంగా కోసిన రాగి చేనులోకి అడుగులేసింది.

"అప్పా, ఈ గీత ఇట్లే పోతాంది. మీ చేన్లో ఈడ ఎక్కడన్నా అడుగున బండ తగుల్తాదా?"

చౌడప్ప కళ్ళు పెద్దవయ్యాయి. "తగుల్తాదానా! ఆ పాడు బండేనా! మూడు సార్లు కల్టివేటర్ పండ్లు ఇరిగినాయి తల్లీ దాంట్లో. ఎంత కావాల్నో అంత కొట్టుకో పో. అంతా ఎత్తుకోని పో. నేనే బస్సెక్కిస్తా."

నేను లోపల్లోపల దేవుడికి దండం పెట్టుకుంటున్నాను, పని అయిపోయిందని. అప్పుడు రత్నమ్మ నాగవేణిని అడిగింది.

"ఏమ్మా, చదువుకున్నదానివి, చెప్పు. ఆ చేన్లో బండ, ఈ గుండు, రెండూ వేరేనా? ఒకటేనా?"

చౌడప్ప ఆమె వెనుక నిలబడి, వేరే అని చెప్పమన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. నాగవేణి ఆ చెయ్యి చూసింది. నేనూ చూశాను. ఒక్క మాట చాలు, అధ్యాయం దక్కుతుంది.

"ఒకటే అవ్వా" అంది. "కింద కలిసే ఉంటాయి. పైకి లేచింది గుండయింది, మట్టి కప్పింది చేన్లో ఉండిపోయింది. ఒకటే బండ."

చౌడప్ప నెత్తి కొట్టుకున్నాడు. "చదువంటే ఇదేనేమో!"

రత్నమ్మ గట్టు మీద కూర్చుంది. "ఏముండాదే ఈ బండలో, నీకింత ఆశ?"

నాగవేణి ఆమె ముందు మట్టిలో కూర్చుని చెప్పింది. "ఈ బూడిద రంగుది పాత నేల అవ్వా. ఈ నల్లది సముద్రం అడుగు."

"ఏ సముద్రం? చెన్నపట్నందా?"

"అప్పుడు చెన్నపట్నం లేదు. మనిషి లేడు, చెట్టు లేదు, చేప గూడా లేదు. ఆ సముద్రం ఈ నేల కిందికి దూరి పోయింది. పోతా పోతా కొంచెం ఇక్కడ అంటుకోని మిగిలింది. ఈ ఎర్ర చార వాటి రెంటినీ కలిపి కుట్టిందా, లేకుంటే తర్వాత తెగిందా, అదే నాకు కావాల. తెగిందంటే తెగిందనే రాస్తా."

రత్నమ్మ గుండు వైపు చూసింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. "ఒకటే ఒళ్ళయితే, నీ కల్టివేటర్ ఇన్నాళ్ళూ తగిల్నే తగిలింది గదరా."

"తగిలింది. ఇరిగింది నా పండ్లే, దాందేం పోలేదు."

"ఈ బండ తల్లి ఏమన్నా అనిందా?"

"నేనే అన్న్యా దాన్ని. నానా మాటలు."

"తప్పంతా నీదే, మరి. ఇప్పుడీ పిల్ల అడిగి కొడతాంది. అడిగి తీసుకుంటే వేరే." ఆమె లేచింది. "ఉండండి, ముందు ఇంత ఆముదం పోసి మొక్కుకుందాం, ఆ పైన కొడుదురు."

"వద్దమ్మా!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. "నూనె వద్దు తల్లీ, నూనె పడితే ఇంక అయిపోయినట్టే!" చౌడప్ప కడుపు పట్టుకుని నవ్వాడు. రాయి తీశాకే ఆ గాయానికి నూనె పోద్దామని చివరికి రత్నమ్మ ఒప్పుకుంది. నాకది ఇంకా బాగుందనిపించింది.

చౌడప్పే పార పట్టి మట్టి తీశాడు. బూడిద బండ కనిపించింది, పక్కనే నల్లది. గీత ఉంది గానీ గులాబీ చార లేదు. ఇంకాస్త తవ్వాడు. లేదు. నాగవేణి మోకాళ్ళ మీద కూర్చుని చేత్తోనే మట్టి తుడుస్తూ పోయింది. ఎండ నెత్తికెక్కింది. చౌడప్ప విసుక్కుంటూనే, మేం ఆపమన్నా ఆపలేదు. "ఇంత తవ్వినంక ఆ ఎర్రది చూడకుంటే నాకు నిద్ర పట్టదు." గట్టుకు దూరంగా, బండ కొంచెం లోతుకు దిగినచోట, చిటికెన వేలంత సన్నగా కనిపించింది. నాగవేణి దాని మీద నీళ్ళు చల్లింది. గులాబీ రంగు పైకొచ్చింది.

చుట్టూ ఉలితో మెల్లగా కొట్టి ముక్క తీసింది. రత్నమ్మ ఆ గుంటలో ఆముదం పోసి, కొంగు తల మీద వేసుకుని ఏదో అనుకుంది. నేను కూడా.

ఆ ముక్కను షెడ్డులో నాయన చెప్పినట్టే, తొందరపెట్టకుండా చేశాను. ఈసారి గీత నిలిచింది. ఎక్కడా ఊడలేదు. క్వార్ట్జ్ అనే ఖనిజం మైక్రోస్కోపులో లేత బూడిద రంగు చూపిస్తే మందం సరిపోయినట్టు గుర్తు. ఆ బూడిద రంగు వచ్చేసరికి నాగవేణి నా వెనుకే నిలబడి ఉంది. నేను గీత వైపు చూడకుండానే లేచి కుర్చీ ఆమెకిచ్చాను. మొదటి చూపు ఆమెదే కావాలి.

ఆమె స్లైడును కొంచెం కొంచెం జరుపుతూ చాలాసేపు చూసింది. నేను హాట్‌ప్లేటు తుడిచాను, మళ్ళీ తుడిచాను.

"అక్కా, చూడు."

చూశాను. చారల చారల పాత నేల. ఆకుపచ్చగా, గోధుమ రంగుగా మెరిసే సముద్రపు అడుగు. వాటి మధ్య గీత. ఆ గీత మీదుగా గులాబీ చార గింజలు, ఒకదానిలో ఒకటి పళ్ళు కలిపి, ఇటు నుంచి అటు దాటాయి. నలగలేదు, వంగలేదు, తెగలేదు. కుట్టు నిలిచి ఉంది. ఒక సముద్రం మూసుకుపోయి, రెండు నేలలు ఒకటైన చోటు, నా పాత మైక్రోస్కోపు కింద, గోటి పరిమాణంలో. అంతటి పనిని చేసిన చెయ్యి నా కంటికి అంత దగ్గరగా తన గుర్తు చూపించింది.

గైడు ఆ అధ్యాయాన్ని ఉంచాడు. ఒక్క చోటు సాక్ష్యం చాలదని, ఆ అతుకు పొడవునా ఇంకొన్ని చోట్ల వెతకమన్నాడట. అది న్యాయమే. నాగవేణి ఎండలోకి మళ్ళీ సంతోషంగా పోయింది. నేను ఇంకో స్లైడు చేసిచ్చాను రత్నమ్మకు. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ కిటికీకి పట్టి చూపిస్తోందట. చౌడప్ప ఒకసారి ఫోను చేశాడు. ఆ బండ చుట్టూ తిప్పి దున్నుకుంటున్నాడట. "ఏమ్మా, ఇన్నేండ్లు తిట్టుకునేకి వక బండన్నా ఉన్నింది. అదీ లేకుండా చేస్తిరి."

అంతకుముందు, రాయి నా బల్ల మీదికి వచ్చినప్పటి నుంచే నాకు దానితో సంబంధం. ఇప్పుడు రాయి తెచ్చినవాళ్ళను, అది ఎవరి చేతిలోంచి వచ్చింది, అడిగి తెచ్చారా అని అడుగుతున్నాను. కొందరు నవ్వుతారు. నవ్వనీ. రాయిని పలచన చేయడం నాయన నేర్పాడు. చెప్పిన నిజం వల్ల చేతికందినది పోతుందని తెలిసి కూడా నిజమే చెప్పడం, నా కూతురి వయసున్న ఆ అమ్మాయి చేనులో నిలబడి నేర్పింది. ఆమె 'వేరే బండ' అని ఉన్నా ముక్క దొరికేది, ఇంకా సులువుగా. కానీ ఆ స్లైడులో కనిపించిన కుట్టును నేను ఇంత ధైర్యంగా నమ్మేదాన్ని కాదు.